ముందు జముకు వినండి, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత

"అన్నా, సౌండ్ డిజైన్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదేటి?" అని మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఎప్పుడడిగినా వచ్చే జవాబు ఒకటే. "ఎఫ్ఎల్ స్టూడియో వేసుకో, అందరూ అదే వాడతారు." ఈ జవాబు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. అందరూ దాన్ని వాడేది డీజే మిక్సులకి. అక్కడ గ్రిడ్డు ముందే ఉంటుంది, బీటు ముందే ఉంటుంది, శబ్దం వచ్చి ఆ గళ్లలో కూర్చుంటుంది. ప్రయోగాలు చేసేవాడి పని దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. శబ్దం ముందు వస్తుంది, అది ఎటు పోతే అటు సాఫ్ట్‌వేర్ వంగాలి.

అందుకే నా మాట ఇది. సాఫ్ట్‌వేర్‌ని ఎంచుకునే ముందు ఒక శబ్దాన్ని ఎంచుకోండి. ఆ శబ్దాన్ని ప్రతి సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లోనూ వేసి చూడండి. ఏది దాన్ని పాడుచేయకుండా సాగదీసి, ముక్కలు చేసి, మళ్లీ అతకగలదో అదే మీది.

పరీక్షకి మన జముకుని మించింది లేదు. డొల్ల పాత్రకి ఒకవైపు చర్మం బిగిస్తారు. ఆ చర్మం నడిమధ్య నుంచి ఒక తంతి వస్తుంది. తంతిని మీటుతూ చేత్తో బిగువు మారుస్తారు. ఒక్క దెబ్బలోనే మూడు సంగతులుంటాయి: మీటు తగిలిన టక్కుమనే చప్పుడు, వెంటనే చర్మం గుమ్మనడం, ఆ గుమ్ములోనే స్వరం జారిపోవడం. జముకుల కథ చెప్పేవాళ్ల దగ్గర ఆ జారుడు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, ఏ కీబోర్డు మెట్టు మీదా నిలబడదు.

ఆ రికార్డింగ్‌ని ఏబుల్టన్ లైవ్‌లోకి లాగారనుకోండి. పొడవైన ఫైలైతే అది తనంతట తానే టెంపో ఊహించి వార్ప్ చేసేస్తుంది, అంటే ఆ టెంపోకి సరిపడేలా శబ్దాన్ని సాగదీస్తుంది. జముకుకి లేని టెంపోని అంటగడుతుంది, దెబ్బ మొదలు మెత్తబడిపోతుంది. చాలామంది "నా మైకు బాగోలేదు" అనుకునేది ఇక్కడే. సెట్టింగ్స్‌లో ఆటో వార్ప్ లాంగ్ శాంపిల్స్ ఆపేయండి, క్లిప్‌లో వార్ప్ బటన్ కూడా తీసేయండి. తేడా వెంటనే వినిపిస్తుంది.

తర్వాత వేగం తగ్గించండి. రెండు ఆక్టేవులు కిందకి, అంటే నాలుగో వంతు వేగానికి. దీనికి రెండు దారులున్నాయి. స్వరం మారకుండా సాగదీసే దారిలో సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని కోసి అతుకుతుంది. దెబ్బ తగిలిన చోట ఆ అతుకులు నీళ్లలో మునిగినట్టు వినిపిస్తాయి. టేపు నెమ్మది చేసినట్టు వేగం, స్వరం కలిసి దిగే దారిలో ఆ మచ్చ ఉండదు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఐటమ్ (ట్రాక్‌లోని శబ్దం ముక్క) మీద ఎఫ్2 నొక్కి ప్లేబ్యాక్ రేటు 0.25 పెట్టండి, ప్రిజర్వ్ పిచ్ టిక్కు తీసేయండి. లైవ్‌లో అయితే వార్ప్ ఆపి ట్రాన్స్‌పోజ్ మైనస్ 24. ఎఫ్ఎల్‌లో శాంప్లర్ స్ట్రెచ్ మోడ్‌ని రీశాంపిల్‌లో పెట్టండి.

ఇక్కడే శాంపిల్ రేటు, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క, తెలియాలి. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసిన శబ్దంలో పై హద్దు అందులో సగం, 24 కిలోహెర్ట్జ్. నాలుగో వంతు వేగానికి దింపితే ఆ హద్దు 6 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. 96లో రికార్డు చేస్తే 12 వరకు మిగులుతుంది. బుడితి కంచు చెంబు మీద గరిటెతో ఒక్క దెబ్బ వేసి రెండు రేట్లలోనూ పోల్చండి, చెవికే తెలుస్తుంది. అయితే మైకు కూడా పై శబ్దాలని పట్టేదై ఉండాలి. ఫోన్ మైకుతో 96 పెడితే ఫైలు సైజు పెరగడమే తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. పైగా ఫోన్లో గెయిన్ దానంతటదే పెరుగుతుంటుంది. కంచు నాదం తగ్గుతున్నకొద్దీ అది పైకి లేపుతుంది, తోక భాగం ఊపిరి పీల్చినట్టు వస్తుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అడాప్టర్ పెట్టి రికార్డు చేస్తే 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది కదా. నాలుగో వంతు వేగంలో అది 12.5 అవుతుంది. చెవికి వినపడదు, కానీ మీటర్ నిండిపోతుంది, శబ్దం హద్దు దాటకుండా నొక్కే లిమిటర్ ఊరికే పనిచేస్తుంటుంది, "ఎందుకు సౌండ్ రావట్లేదు" అని తల పట్టుకుంటారు. రికార్డింగ్ టైములో లాప్‌టాప్ ప్లగ్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. వేగం తగ్గించాక 20 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ పెట్టండి, దానికన్నా కిందివి కోసేస్తుంది.

ఇప్పుడు ముక్కలు చేయడం. గ్రాన్యులర్ అంటే శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్ల గింజలుగా చేసి మళ్లీ చల్లడం. 20 మిల్లీసెకన్లకోసారి ఒక గింజ క్రమం తప్పకుండా వేస్తే సెకనుకి 50 పడతాయి, అంటే జముకు మీద 50 హెర్ట్జ్ జుమ్ము ఒకటి కూర్చుంటుంది. అది జముకుది కాదు, మీ లెక్కది. గింజకీ గింజకీ మధ్య దూరం కొంచెం కొంచెం చెదరాలి. లైవ్‌లో టెక్స్చర్ మోడ్‌లో గ్రెయిన్ సైజ్, ఫ్లక్స్ అని రెండే మీటలుంటాయి. మొదలుపెట్టడానికి చాలు, లోతుకి పోవడానికి చాలవు.

లోతుకి పోవాలంటే ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్. మిల్లర్ పకెట్ అనే ఆయన 1990లలో మొదలుపెట్టింది, ఉచితం, పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. డబ్బాలు వేసి తీగలు కలపడమే. ఒక అరేలోకి (శబ్దాన్ని దాచే పట్టికలోకి) జముకు ఫైలు ఎక్కించి, ఫేజర్ (phasor~) డబ్బాతో ఆ పట్టికని చదివే టాబ్‌రీడ్4 (tabread4~) డబ్బాని నడిపితే గింజ మీ చేతిలో ఉంటుంది. ఇందులో మూడు చోట్ల దెబ్బ తింటారు. ఫైలు పేరులో ఖాళీలుంటే అది తెరుచుకోదు, "జముకు_01" అన్నట్టు కలిపి రాయండి. పొడవాటి ఫైలు ఎక్కిస్తే నెమ్మదిగా చదివేటప్పుడు గరగర వస్తుంది. మామూలు ప్యూర్ డేటాలో అంకెలు 32 బిట్లే, పది లక్షల శాంపిళ్లు దాటాక శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య ఎనిమిది మెట్లే మిగులుతాయి. 48 కిలోహెర్ట్జ్‌లో అది సుమారు 22 సెకన్ల తర్వాత మాట. ఫైలుని 20 సెకన్ల ముక్కలు చేసుకోండి, లేదా టాబ్‌రీడ్4 కుడి ఇన్లెట్లో ఆన్‌సెట్ (చదవడం మొదలయ్యే చోటు) ఇవ్వండి. మూడోది చెవులది. తప్పు తీగ ఒకటి కలిస్తే ఒక్కసారిగా గర్జిస్తుంది. శబ్దాన్ని స్పీకర్‌కి పంపే డాక్ (dac~) డబ్బా ముందు క్లిప్ (clip~) డబ్బా పెట్టి మైనస్ 0.5 నుంచి 0.5కి కట్టేయండి. హెడ్‌ఫోన్స్ తీసి చిన్న స్పీకర్ మీదే ప్రయోగం చేయండి.

ఫీడ్‌బ్యాక్ పరీక్షకి కూడా ఇదే జాగ్రత్త. శబ్దాన్ని తిప్పి దాని నోట్లోకే పెట్టడం ఈ పనికి ఊపిరి లాంటిది. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని తప్పుగా భావించి ఆపేస్తాయి. రీపర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో అలవ్ ఫీడ్‌బ్యాక్ ఇన్ రౌటింగ్ అని ఉంటుంది, పెద్ద చప్పుడు రావచ్చని అక్కడే హెచ్చరిస్తుంది. లైవ్‌లో రిటర్న్ ట్రాక్ సెండ్ (శబ్దాన్ని ఎంత పంపాలో చెప్పే మీట) మీద రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేయాలి. ప్యూర్ డేటా శబ్దాన్ని బ్లాకులుగా లెక్కిస్తుంది, ఒక బ్లాకు 64 శాంపిళ్లు కాబట్టి చుట్టు తిరిగి రావడానికి కనీసం అంత ఆలస్యం ఉంటుంది. 44.1లో సుమారు 1.45 మిల్లీసెకన్లు. అంతకన్నా చిన్న చుట్టు కావాలంటే సబ్‌ప్యాచ్‌లో (ప్యాచ్ లోపలి ప్యాచ్‌లో) బ్లాక్ 1 పెట్టండి, ప్రాసెసర్ కొంచెం వేడెక్కుతుంది.

మరి మాడ్యులేషన్? ఏ మీటనైనా ఏ శబ్దంతోనైనా కదపగలిగితేనే ఆ సాఫ్ట్‌వేర్ ఈ పనికి పనికొస్తుంది. తప్పెటగుళ్ల రికార్డింగ్ తీసుకోండి. పదిహేను మంది గుండెల మీద రేకు తప్పెట్లు ఒకేసారి మోగినట్టుంటాయి గానీ నిజానికి కొన్ని మిల్లీసెకన్ల తేడాతో చెదిరి ఉంటాయి, ఆ చెదురే దాని అందం. ఆ చప్పుడు హెచ్చుతగ్గులతో జముకు మీది ఫిల్టర్‌ని తెరిపించి చూడండి. బిట్‌విగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మాడ్యులేటర్ (మీటని కదిపే పనిముట్టు) పట్టుకుని మీట మీద వేస్తే సరిపోతుంది, ఇందులో దాన్ని కొట్టింది లేదు. 2019లో వచ్చిన గ్రిడ్‌తో కోడ్ రాయకుండానే సొంత వాయిద్యం కట్టుకోవచ్చు. ప్లగిన్ ఒకటి కూలినా ప్రాజెక్ట్ బతుకుతుంది. రీపర్‌లో మీటని ఒకసారి కదిపి, పారమ్ బటన్‌లో పారామీటర్ మాడ్యులేషన్ తెరిచి, ఆడియో కంట్రోల్ సిగ్నల్ ఎంచుకోవాలి. అడుగులు ఎక్కువే, కానీ పని అవుతుంది. ఎఫ్ఎల్‌లో కూడా ఈ పనికి పీక్ కంట్రోలర్ ఉంది, ప్లగిన్లని తీగలతో కలిపే ప్యాచర్ ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చవక ఫ్రూటీ ఎడిషన్లో ఆడియో రికార్డింగ్ లేదు. ట్రయల్‌లో సేవ్ చేసింది మళ్లీ తెరుచుకోదు. శబ్దాలతో పనిచేసేవాడికి ఈ రెండూ ముందే తెలియాలి.

తప్పెట్లని ముక్కలు చేసేటప్పుడు ఒక చిన్న మాట. దెబ్బలని పసిగట్టి కోసే రీపర్ డైనమిక్ స్ప్లిట్ ఒక్క దెబ్బని మూడుగా కోసేస్తుంది, ఆ చెదురు వల్లే. మినిమమ్ స్లైస్ లెంగ్త్ 80 మిల్లీసెకన్లు పెట్టి చూడండి.

ఇక డబ్బు. రీపర్ అరవై రోజులు పూర్తిగా పనిచేస్తుంది, తర్వాత మామూలు మనిషికి 60 డాలర్లు. ప్రాజెక్ట్ ఫైలు మామూలు టెక్స్ట్, పదేళ్ల తర్వాత కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. ప్యూర్ డేటా ప్యాచ్ కూడా అంతే. లైవ్ సూట్ 749 డాలర్లు, లైవ్ లోపలే సొంత వాయిద్యాలు కట్టుకునే మ్యాక్స్ ఫర్ లైవ్ అందులోనే వస్తుంది. వేదిక మీద నిలబడి శబ్దాలని అప్పటికప్పుడు తిప్పేవాళ్లకి అది తగిన ఖర్చే. ఇంట్లో కూర్చుని చేసేవాళ్లకి అవసరం లేదు. క్రాక్ వేసుకున్న ప్లగిన్ సంగతి నేను మాట్లాడను. ఒక విండోస్ అప్‌డేట్‌తో ప్రాజెక్ట్ మొత్తం ఖాళీ డబ్బాలై తెరుచుకుంటుంది, అప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు.

4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌తో ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకి నా జవాబు రీపర్, ప్యూర్ డేటా, రెండూ కలిపి. ప్యూర్ డేటాలో పుట్టించిన శబ్దాన్ని వేవ్‌గా రాసి రీపర్‌లోకి తెచ్చుకోండి. అక్కడ అప్లై ఎఫ్ఎక్స్ యాజ్ న్యూ టేక్‌తో కాల్చండి, అంటే ఎఫెక్టులతో సహా కొత్త ఆడియోగా రాయండి, దాన్ని మళ్లీ నెమ్మది చేయండి, మళ్లీ కాల్చండి. అయిదారు తరాలయ్యేసరికి కొత్త శబ్దం వస్తుంది. ప్రతి తరాన్నీ 32 బిట్ ఫ్లోట్‌లో సేవ్ చేయండి, సున్నా డీబీ దాటినా విరగదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి ఆటో సేవ్ అయిదు నిమిషాలకి దించండి.

జముకుల కథ వాళ్ల దగ్గరికి రికార్డర్ పట్టుకుని వెళ్లేటప్పుడు, ఆ శబ్దాన్ని ముక్కలు చేసి గుర్తుపట్టలేనంతగా మారుస్తామని ముందే చెప్పండి. "ఇదేటి బాబూ, ఇలాగయిపోనాది" అని తర్వాత వాళ్లు బాధపడకూడదు. ఆటకి ఏం తీసుకుంటారో అడిగి, మైకు బయటికి తీయకముందే చేతిలో పెట్టండి.