నాన్నగారి కథలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల ముద్ద

కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసుకుని నాన్నగారి కథల ఫైలు తెరిచాను. 2003లో మా ఊళ్లో డీటీపీ చేయించి, వర్డ్ ఫైలుగా తీసుకున్న 140 పేజీలు. తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలగలిసిన ముద్ద. ఎవరిని అడిగినా ఒకటే సలహా: "పాత విండోస్ కంప్యూటర్లోంచి ఫాంటు కాపీ చేసుకోండి, సరిపోతుంది."

సరిపోదు! ఫాంటును ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఫాంటు ఉండే టీటీఎఫ్ ఫైలును మ్యాక్‌లో ఫాంట్ బుక్‌తో తెరిస్తే ఎక్కుతుంది. లినక్స్‌లో మన ఫాంట్ల ఫోల్డరులో వేసి ఎఫ్‌సీ-క్యాష్ ఆదేశం ఇస్తే చాలు. నేనూ చేశాను. కొన్ని ఒత్తులు పక్కకు జరిగినా కథలు కనబడ్డాయి. కానీ "అమ్మమ్మ" అని వెతికితే దొరకలేదు. ఒక పేరా తీసి చెల్లెలికి ఫోనులో పంపితే మళ్లీ ఆ ముద్దే వెళ్లింది.

ఎందుకంటే ఆ ఫైలులో తెలుగు లేనే లేదు. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తలకట్టును, గుడిని, కొమ్మును, ఒత్తును ముక్కలుగా పెట్టుకున్నాయి. ఏ ముక్క ఎక్కడ ఉండాలో ఒక్కో సంస్థది ఒక్కో లెక్క. ఫైలులో ఉన్నది ఆ స్థానాల వరుస మాత్రమే. ప్రతి భాషలోని అక్షరాలకూ స్థిరమైన సంకేతాలు ఇచ్చే ప్రపంచ ప్రమాణం యూనికోడ్. అందులో అలా కాదు. "క్ష" అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు. వాటిని కలిపి చూపించే పని ఫాంటూ ఆపరేటింగ్ సిస్టమూ చూసుకుంటాయి. ఫాంటు మారితే అక్షరం రూపు మారుతుంది కానీ మాట మారదు.

యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. అంటే నాన్నగారి కథలు టైపు చేసేనాటికే దారి ఉంది. అచ్చు బాగుంటే చాలనుకున్నాం. ఇప్పటికీ ఆ పాత పద్ధతిలోనే పుస్తకాలు తయారవుతుంటే నాకు కడుపు మండుతుంది.

ఇంకో మాట. గౌతమిని లినక్స్‌లోకి తెచ్చుకోవాలని చూడకండి, దాని లైసెన్సు వేరు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు స్వేచ్ఛగా వాడుకోవడానికి ఇచ్చినవే. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తాయి.

పుస్తకం వేయించేవాళ్లు పీడీఎఫ్‌తో ఆగకండి. యూనికోడ్ పాఠం కూడా ఇస్తేనే మిగతా డబ్బు ఇస్తామని డీటీపీ వాళ్లకు ముందే చెప్పండి. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, వాడాను. నా ఫైలులో ఒత్తులు చాలాచోట్ల తారుమారయ్యాయి. అందుకే అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు మళ్లీ టైపు చేస్తున్నాను. నిన్నటికి 62 అయ్యాయి. "అమ్మమ్మ" అని వెతికితే ఇప్పుడు పదిహేడు చోట్ల కనిపిస్తోంది.