గీతను తాకిన బంతి గోల్ కాదు

ఈ వారంలో ఒకే సందేశం నాకు ఏడుసార్లు వచ్చింది. పంపినవారిలో ఇద్దరు నల్లగొండలో నాతో కలిసి ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ ఆడినవారు కావడంతో ఊరుకోలేకపోతున్నాను. ఏ ఆటలోనైనా బంతి గీతను తాకితే చాలు, గోలే అవుతుందనీ, ఇవ్వని రిఫరీ అమ్ముడుపోయినట్టేననీ దాని సారాంశం. ఫుట్‌బాల్‌లో పక్క గీత బయటినుంచి చేతులతో విసిరే త్రో నేరుగా గోల్‌లో పడినా చెల్లుతుందనీ, హాకీలో ఎక్కడినుంచి కొట్టినా గోలేననీ, బంతి గాలిలో ఉండగా సమయం ముగిసినా లెక్కిస్తారనీ మరో మూడు మాటలు కూడా చేర్చారు.

త్రో సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ఎవరినీ తాకకుండా ప్రత్యర్థి గోల్‌లో పడితే ఇచ్చేది గోల్ కాదు, ఆ ప్రత్యర్థికే గోల్ కిక్.

హాకీలో, డీ (గోల్ ముందు గీసిన అర్ధచంద్రాకారపు ప్రాంతం) లోపల దాడి చేసే జట్టు ఆటగాడి కర్ర బంతికి తగలాలి. డీ బయటినుంచి కొట్టిన బంతి రక్షణ ఆటగాడి కర్రకు తగిలి లోపలికి దూరినా గోల్ ఇవ్వరు. రక్షణ జట్టు తప్పు చేసినప్పుడు గోల్ గీత మీదినుంచి బంతిని అందించి మొదలుపెట్టే పెనాల్టీ కార్నర్‌లోనైతే బంతి ముందు డీ దాటి బయటికి వెళ్లాలి. మొదటి షాట్ హిట్ (కర్ర ఊపి కొట్టే దెబ్బ) అయితే గోల్ అడుగున ఉండే పలక ఎత్తుకు, అంటే 460 మిల్లీమీటర్లకు మించి గోల్ గీతను దాటకూడదు. ఇన్ని షరతులున్న ఆటను పట్టుకుని "ఎక్కడినుంచైనా" అని రాసినవారు ఒక్క మ్యాచైనా చూశారా?

సమయం విషయంలో వారు చెప్పింది బాస్కెట్‌బాల్‌కు నిజమే. బజర్ మోగేలోపు బంతి చేయి వదిలితే ఆ బుట్ట చెల్లుతుంది. ఫుట్‌బాల్‌లో, హ్యాండ్‌బాల్‌లో అది చెల్లదు. సమయం ముగిసేలోపే బంతి గీత దాటాలి.

ఇక అసలు హాని చేస్తున్న మాట గీత గురించి. ఫుట్‌బాల్‌లో గోల్ గీత మైదానంలో భాగం. కాబట్టి గీత మీది బంతి ఇంకా ఆటలోనే ఉన్నట్టు. మొత్తం బంతి మొత్తం గీతను దాటితేనే గోల్. బంతి అడ్డకొలత దాదాపు 22 సెంటీమీటర్లు కనుక, అది నేలను తాకిన చోటు గీత అవతలి అంచు దాటి పది సెంటీమీటర్ల దూరంలో ఉన్నా, దాని ఉబ్బు ఇంకా గీత మీదే ఉంటుంది. అప్పుడు కూడా గోల్ కాదు. 2022 ప్రపంచకప్‌లో స్పెయిన్‌పై జపాన్ గోల్‌కు ముందు బంతి బయటికి పోలేదని తేల్చింది ఈ లెక్కే. పక్కనుంచి తీసిన ఫొటోలో బంతికీ గీతకూ మధ్య పచ్చిక కనిపించింది, పైనుంచి చూస్తే కనిపించలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. రగ్బీలో పాయింట్ల కోసం చేరాల్సిన 'ట్రై గీత' దాని అవతలి ప్రాంతంలో భాగం కాబట్టి బంతిని ఆ గీత మీద నేలకు ఆనించినా పాయింట్లు వస్తాయి. మన కబడ్డీలోనే చూడండి: తిరిగొచ్చే రైడర్ మధ్య గీతను వేలితో అందుకున్నా చాలు, బోనస్ గీతను మాత్రం దాటి తీరాలి. గీత ఎటువైపుదో ప్రతి ఆటా విడిగా నిర్ణయించుకుంది.

రిఫరీలు పొరపాటు పడరని కూడా నేను అనను. 2010 జూన్ 27న జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్ బార్‌కు తగిలి స్పష్టంగా గీత అవతల పడినా గోల్ ఇవ్వలేదు. ఆ తర్వాత 2012లో గోల్ లైన్ సాంకేతికతను అనుమతించారు, 2014 ప్రపంచకప్‌లో వాడారు. అది చూపు అందక జరిగిన తప్పు. దానిని అమ్ముడుపోవడం అనడం అన్యాయం.

మొన్న దసరా సెలవుల్లో దేవరకొండ వైపు ఒక ఊరి టోర్నమెంట్‌లో, లైన్‌మన్ కూడా లేకుండా ఒక్కడే విజిల్ పట్టుకున్న పీఈటీ సారును, గీత మీద ఆగిన బంతికి గోల్ ఇవ్వలేదని కుర్రాళ్లు చుట్టుముట్టి చొక్కా పట్టుకున్నారు. ఒకడు ఫోన్ తీసి ఈ సందేశాన్నే ఆయన ముఖం ముందు పెట్టాడు. ఆ రోజు ఆయన చెప్పిందే సరైనది. సంక్రాంతి పోటీలకు పిలిస్తే రానన్నారు.

ఆ ఇద్దరు మిత్రులు ఆదివారం పొద్దున మైదానానికి రావాలి. ముగ్గుతో గీత వేసి, దానిమీద బంతి పెట్టి చూపిస్తాను. తర్వాత ముగ్గురం కలిసి ఆ సారు ఇంటికి వెళదాం.