గొంతు మీద హక్కు ఎవరిది?

ఏఐ వచ్చాక దేశదేశాల్లో సినిమా ఒప్పందాలు ఎలా మారుతున్నాయో మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ చనిపోయినవాళ్ల గొంతు సంగతి వదిలేశారు. మా నెల్లూరు బాలు గారు, గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, 2020లో పోయారు. ఆ తర్వాత ఓ తెలుగు సినిమాలో ఆయన గొంతును ఏఐతో వాడారని కుటుంబం 2024లో లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది. ఎంత బాధగా ఉందో! గొంతును ఇలా ఏఐతో నకలు చేయడం మీద మనకు ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కళాకారుల ఒప్పందాల మీద 2024లో ఒకటి తెచ్చారు: డిజిటల్ నకలును (కంప్యూటర్‌తో తయారుచేసిన గొంతు, రూపం) దేనికి వాడతారో స్పష్టంగా రాయకుండా, కళాకారుడి వైపు లాయరో యూనియనో లేకుండా రాయించుకున్న షరతు చెల్లదు. కావలి, ఒంగోలు వైపు నాటకాల్లో పద్యాలు పాడేవాళ్లకు లాయరెక్కడ, యూనియనెక్కడ? రికార్డింగ్‌కి పిలిచి 'సర్వహక్కులూ మావే' అంటే సంతకం పెట్టేస్తారు. అన్నలారా, ఏఐకి వాడుకోవడం గురించి విడిగా రాయించుకోండి, దానికి డబ్బులు కూడా విడిగా అడగండి.