'ఐ అగ్రీ' బటన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'ఐ అగ్రీ' బటన్ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, లైసెన్సు షరతులన్నిటికీ ఒప్పుకుంటూ తమరిని నొక్కనిదే ఏ ఇన్‌స్టాలేషనూ అడుగు ముందుకు వెయ్యదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఒక ధీమా. కోడ్ కాపీ కొట్టకపోతే చాలు, పక్క కంపెనీ టూల్ చేసే పనంతా మన టూల్ చేతా చేయించవచ్చని. కాపీరైట్ చట్టం కూడా చాలావరకు అదే అంటుంది. లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాము మెనూలను బోర్లాండ్ కంపెనీ తన స్ప్రెడ్‌షీట్ క్వాట్రో ప్రోలో పెట్టుకుంటే, అది పని నడిపించే పద్ధతి మాత్రమే, దానికి కాపీరైట్ లేదని 1995లో అమెరికాలో అప్పీలు కోర్టు తేల్చింది. పక్కింటి పులిహోర తిని మనింట్లోనూ అదే రుచి తెప్పించుకోవచ్చు, గిన్నె మాత్రం ఎత్తుకురాకూడదు. ఈ లెక్కలో తమరిని మాత్రం మరిచిపోయారు.

ఇంగ్లండులోని వరల్డ్ ప్రోగ్రామింగ్ లిమిటెడ్ సంగతి తమరికి తెలియంది కాదు. డేటా విశ్లేషణకు వాడే శాస్ భాషలో (అవును, అమీర్‌పేటలో కోచింగ్ ఇచ్చే ఆ శాసే) రాసిన ప్రోగ్రాములు శాస్ కొనకుండానే నడిచే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. శాస్ సోర్స్ కోడ్ వాళ్ళ కంట పడలేదు. శాస్ నేర్చుకునేవాళ్ళకు అమ్మే లెర్నింగ్ ఎడిషన్ డబ్బిచ్చి కొన్నారు, ఏ కమాండుకు ఏం వస్తోందో చూశారు, మాన్యువల్ చదివారు, కోడ్ సొంతంగా రాసుకున్నారు. మధ్యలో తమరిని నొక్కారు.

ప్రోగ్రాము పనితీరుకు, ప్రోగ్రామింగ్ భాషకు కాపీరైట్ రక్షణ లేదనీ, లైసెన్సు ఉన్నవాడు దాన్ని గమనించి పరీక్షించడాన్ని ఒప్పందంతో ఆపలేరనీ 2012 మే 2న ఐరోపా న్యాయస్థానం చెప్పింది. అక్కడ తమరి పప్పులు ఉడకలేదు. అదే గొడవ మీద శాస్ కంపెనీ అమెరికాలోని ఉత్తర కరోలినాలో వేసిన కేసులో మాత్రం భేషుగ్గా ఉడికాయి. రివర్స్ ఇంజినీరింగ్ (సాఫ్ట్‌వేర్ గుట్టు విప్పి చూడడం) చేయనని నొక్కావు కదా, చేశావేం? పైగా ఆ మాట నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండానే నొక్కావు కాబట్టి మోసం కూడా! 2015లో జ్యూరీ వరల్డ్ ప్రోగ్రామింగ్ మీద సుమారు 2.64 కోట్ల డాలర్ల నష్టపరిహారం వేసింది. అక్కడి వ్యాపార చట్టం పుణ్యమా అని అది మూడింతలై 7.91 కోట్లయింది. కాపీరైట్ పేరుతో శాస్ మళ్ళీ టెక్సాస్‌లో కేసు వేస్తే 2023లో అప్పీలులోనూ ఓడిపోయింది. పేరున్న చట్టం చెయ్యలేని పని తమరు ఒక్క క్లిక్కుతో చేశారు. ఇంగ్లండు కోర్టు ఆ డబ్బు తమ దేశంలో వసూలు చేయించబోమంది, అది వేరే సంగతి.

మా దగ్గర తమరి సేవ ఎలా జరుగుతుందో చెబుతాను. "పోటీ కంపెనీది ఫ్రీ ట్రయల్ తీసుకో. ఫీచర్లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి జిరాలో (మా ఆఫీసు పనుల చిట్టా రాసుకునే టూల్) పెట్టు. రెండు స్ప్రింట్లలో మనమూ దింపేద్దాం" అంటాడు మేనేజర్. "అలాగే సార్" అని కుర్రాడు ఆఫీసు మెయిల్‌తోనే తమరిని నొక్కేస్తాడు. 'పోటీ ఉత్పత్తి తయారుచేసేవారు ఈ సేవ వాడరాదు' అనే వాక్యం ఎక్కడో ఇరవయ్యో పేరాలో ఉంటుంది. రేపు కేసు పడితే అవతలి లాయరుకు సాక్ష్యం వెతుక్కునే శ్రమ కూడా ఉండదు, తేదీలతో సహా అంతా జిరాలోనే ఉంటుంది.

ప్రోగ్రాము వెనకున్న ఆలోచనలు తెలుసుకోవడానికి దాన్ని గమనించి పరీక్షించవచ్చని మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉందని ఆ కుర్రాడికి ఎవరో ధైర్యం చెప్పారట. తమరి ఒప్పందం అడుగున 'వివాదాలకు ఫలానా అమెరికా రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది' అని ఉంటే ఆ ధైర్యం ఎంతసేపు నిలుస్తుందో చూడాలి.

చివరగా ఒక్క సందేహం. 'కాపీ చేయరాదు, అనుకరించరాదు' అనే ఆ పేరా నేను చూసిన ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంచుమించు అవే మాటలతో ఉంది. ఎవరి దగ్గర చూసి ఎవరు రాసుకున్నట్టు? వాళ్ళ దగ్గర లైసెన్సు ఉందా, కనుక్కుని చెప్పగలరు.

ఇట్లు,
తమరిని నొక్కక తప్పని విధేయుడు