పాఠం సంగతి తర్వాత, ముందు ఫొటో పెట్టండి

ప్రతి సెప్టెంబరు 5న గురువు దైవంతో సమానమని వేదికల మీద శాలువాలు కప్పుతాం. వేదిక దిగగానే అదే గురువు ఉదయం బడికి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చాడో, ఫోనుకు ముఖం చూపించాడో లేదో సరిచూసుకుంటాం. ఈ రెండు పనులనూ ఒకే శాఖ ఒకే రోజున ఏ మొహమాటమూ లేకుండా చేయగలదు. ఆ తర్వాత, ఉపాధ్యాయుల్లో మునుపటి ఉత్సాహం కనిపించడం లేదని, జీతాలు పెరిగినా అంకితభావం పెరగలేదని, వాళ్లకు వ్యక్తిత్వ వికాస తరగతులు పెట్టించాలని సమీక్షా సమావేశాల్లో అనుకుంటారు. ఉద్యోగంలో తృప్తి ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి అంత ఖర్చు అక్కర్లేదు. ఏదైనా ఒక సర్కారు బడిలో ఒక పూట కూర్చుంటే చాలు.

నేను కూర్చున్నాను. మా పిన్ని కూతురు ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు. పంతొమ్మిది మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక గది, ఒక వరండా. పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడతారు. బడిలో సిగ్నల్ ఉండదు. వెనక ఉన్న నీళ్ల ట్యాంకు మెట్లు నాలుగెక్కితే రెండు గీతలు వస్తాయి. ఉదయాన్నే ఆమె ఆ మెట్ల మీద నిలబడి ఫోనుకు ముఖం చూపించింది. యాప్ రెండుసార్లు గుర్తుపట్టలేదు, మూడోసారి పట్టింది. తర్వాత పిల్లల హాజరు, ఆ తర్వాత భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని. అదంతా అయ్యాక ఫోనును ట్యాంకు గట్టు మీదే వదిలి, మోగితే వచ్చి చెప్పమని ఐదో తరగతి పిల్లనొకతెను అక్కడ కూర్చోబెట్టి లోపలికి వచ్చింది. ఆ పిల్ల ఆ రోజు నేర్చుకున్నదేమిటో నాకు తెలియదు.

లోపల మూడో తరగతి కుర్రాడు 52లోంచి 37 తీసివేసి 25 అని వేశాడు. రెండింటిలో చిన్న అంకెను పెద్ద అంకెలోంచి తీసేయడమే తీసివేత అని వాడి నమ్మకం. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్న పట్టింపు వాడికి లేదు. ఆమె తప్పు కొట్టలేదు. పదేసి చొప్పున దారంతో కట్టిన చీపురు పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు వాడి ముందు పెట్టి, "ఇందులోంచి నాకు ముప్పై ఏడు ఇయ్యరా" అంది. వాడు మూడు కట్టలిచ్చాడు, విడిగా ఉన్న రెండు పుల్లలూ ఇచ్చాడు, అక్కడ ఆగిపోయాడు. ఇంకా ఐదు ఇవ్వాలి, మిగిలినవి కట్టలే. కాసేపు కట్ట వంక, కాసేపు ఆమె వంక చూసి, "విప్పొచ్చా మేడం?" అన్నాడు. సరిగ్గా అప్పుడే ట్యాంకు దగ్గరి పిల్ల పరుగెత్తుకొచ్చింది. గుడ్ల ఫొటో రాలేదట, చుట్టుపక్కల బడుల క్లస్టర్ మొత్తానికి ఈ బడి ఒక్కటే మిగిలిందట, వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టేశారట. ఆమె తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పటికి గదిలో అన్ని కట్టలూ విప్పి, పుల్లలతో ఇళ్లు కడుతున్నారు.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె గుడ్ల గురించి గానీ గ్రూపు గురించి గానీ ఎత్తలేదు. "చూశావా అన్నయ్యా, విప్పొచ్చా అని వాడే అడిగాడు" అని మాత్రం రెండుసార్లు అంది. పనిలో తృప్తి అని మనం పెద్ద పెద్ద మాటల్లో వెతికే వస్తువు ఆ ప్రశ్నలో ఉంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిసరాల్లో ఇంజినీర్లను, అకౌంటెంట్లను సుమారు రెండు వందల మందిని అడిగి తెలుసుకున్న సంగతులతో మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పింది ఇదే: జీతం, నిబంధనలు, పైఅధికారి తీరు బాగాలేకపోతే మనిషికి అసంతృప్తి పుడుతుంది గానీ, అవి బాగున్నంత మాత్రాన తృప్తి పుట్టదు, తృప్తి పనిలోంచి, ఆ పని సాధించామన్న ఎరుకలోంచి, దాని మీద మనకున్న బాధ్యతలోంచి పుడుతుంది. మన దగ్గర జీతాల మీద ఉద్యమాలు జరిగాయి, పీఆర్సీల మీద ప్రభుత్వాలు ఇరుకున పడ్డాయి. పని లోపల ఏం మిగిలింది అన్న ప్రశ్న మాత్రం సంఘాలు సైతం గట్టిగా అడగలేదు.

యాప్‌ల కథ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు వచ్చినప్పుడు సొంత ఫోన్లలో యాప్ వేసుకోబోమని ఉపాధ్యాయులు మొండికేశారు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే దశ కూడా చూశారు. ఇప్పుడు యాప్‌లు తగ్గించాం, అన్నీ ఒకదానిలో కలిపాం అంటున్నారు. తెలంగాణలోనూ 2025లో ముఖ గుర్తింపు హాజరు బడుల్లోకి వచ్చింది. పార్టీలు మారినా, రాష్ట్రాలు వేరైనా ఫోను మాత్రం మారలేదు కాబట్టి దీన్ని ఒక ప్రభుత్వం తప్పుగా రాయడం నాకు ఇష్టం లేదు.

అయితే నిఘా లేకపోతే బడికి వచ్చేదెవరు అనే వాదనను కొట్టిపారేయలేం. 2003లో దేశవ్యాప్తంగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ముందుగా చెప్పకుండా వెళ్లి చూసిన పరిశోధకులకు నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు బడిలో కనిపించలేదు. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ తన ఏకోపాధ్యాయ కేంద్రాల్లో టీచర్లకు తేదీ, సమయం పడే కెమెరాలిచ్చి, ఫొటోల లెక్కన జీతం కట్టినప్పుడు గైర్హాజరు 42 శాతం నుంచి 21 శాతానికి పడిపోయింది, పిల్లల మార్కులూ కొంత పెరిగాయి. అందువల్ల కెమెరా ఎప్పుడూ ఎక్కడా పనికిరాదని నేను అనను.

కానీ అదే ఉదయ్‌పూర్‌లో, అదే సేవా మందిర్ ప్రభుత్వంతో కలిసి ఆరోగ్య ఉపకేంద్రాల నర్సులకు సమయం ముద్రించే యంత్రాలు పెట్టినప్పుడు ఏమైందో కూడా చెప్పాలి. తొలి నెలల్లో హాజరు బాగా పెరిగింది. ఆ తర్వాత "మీటింగుకు వెళ్లారు", "సర్వేకు వెళ్లారు" అంటూ మినహాయింపు దినాలు పెరుగుతూ పోయాయి, వాటికి సంతకాలు చేసింది పైఅధికారులే, పదహారు నెలలు తిరిగేసరికి యంత్రమున్న కేంద్రానికీ లేని కేంద్రానికీ తేడా లేకుండా పోయింది. లోపం ఒక్క యంత్రానిదే కాదని, దాని చుట్టూ ఉన్న మనుషులు దాన్ని ఎలా దాటాలో నేర్చుకున్నారని నేను అర్థం చేసుకున్నాను.

ఇంతకంటే నన్ను కదిలించిన రుజువులు రెండు మన గడ్డ మీదే ఉన్నాయి, విచిత్రంగా మన విద్యా చర్చల్లో వాటి ఊసే ఉండదు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ సర్కారు బడుల్లో 2005 నుంచి పెద్ద ఎత్తున ప్రయోగాలు చేశారు. వాటిలో ఒకదానిలో, కొన్ని బడుల ఉపాధ్యాయులకు తమ పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసిచ్చారు, ఆపైన నెలనెలా పరిశీలకులు తరగతి గదికి వచ్చి కూర్చున్నారు. జీతంలో గానీ బోనస్‌లో గానీ ఏ మార్పూ లేదు. పరిశీలకుడు ఉన్నప్పుడు ఆ ఉపాధ్యాయులు మిగతా బడుల వారికంటే ఎక్కువ శ్రమించి పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివర బయటివాళ్లు పరీక్ష పెడితే పిల్లల మార్కుల్లో తేడా ఏమీ లేదు. చూసేవాడు ఉన్నంతసేపు పని కనిపించింది, చూసేవాడి కోసం జరిగింది, అతనితోపాటు గేటు దాటి వెళ్లిపోయింది. నా వ్యాసమంతా ఈ ఒక్క ఫలితం మీద నిలబడినా నాకు అభ్యంతరం లేదు.

రెండో ప్రయోగంలో అదే పరిశోధకులు మరికొన్ని బడుల్లో వేరే దారి పట్టారు. పిల్లల సగటు మార్కులు ఐదు శాతం దాటి పెరిగితే, ఆపైన పెరిగిన ఒక్కో శాతానికి ఉపాధ్యాయుడికి 500 రూపాయల బోనస్. ఎప్పుడు రావాలి, ఏ పాఠం ఎలా చెప్పాలి, ఏ పుల్లలు కట్టాలి అని ఎవరూ చెప్పలేదు. రెండేళ్లలో లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు గణనీయంగా ముందుకెళ్లారు. ఇక్కడ అసలు విశేషమేమిటంటే, ఆ బడుల్లో ఉపాధ్యాయుల హాజరు మిగతా బడుల కంటే పెరగలేదు. వచ్చిన రోజుల్లో వాళ్లు అదనపు తరగతులు తీసుకున్నారు, ఇంటిపని ఇచ్చారు, సాధన పరీక్షలు పెట్టారు. హాజరు పెరగకుండానే చదువు పెరిగింది. ముందటి ప్రయోగంలో శ్రమ కంటికి కనిపించినా చదువు పెరగలేదు. దీన్ని కొందరు బోనస్ మహిమగా చదువుతారు. ఏం సాధించాలో చెప్పి, ఎలా సాధించాలో ఉపాధ్యాయుడి చేతికే వదిలేయడం వల్ల వచ్చిన ఫలితంగా నేను చదువుతాను. 500 రూపాయల కోసం ఇంత కష్టపడ్డారని నమ్మడం కంటే, తన పని తన చేతికి వచ్చినప్పుడు మనిషి మేలుకుంటాడని నమ్మడం నాకు తేలిక.

పనికి రుజువు అడగడం తప్పు కాదు, కానీ రుజువు తయారుచేయడమే ఒక ఉద్యోగమైపోయినప్పుడు రెండు ఉద్యోగాలు ఒకే జీతానికి పోటీ పడతాయి, గెలిచేది ఎప్పుడూ మెమో ఇప్పించగల ఉద్యోగమే. పుల్లల కట్ట విప్పించనందుకు మా చెల్లెలికి ఎవరూ షోకాజ్ నోటీసు ఇవ్వరు. గుడ్ల ఫొటో పెట్టకపోతే ఇస్తారు. పైగా ఈ ఏర్పాటు దొంగను పట్టుకోదు. ఉపాధి హామీ పనుల్లో కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో పెట్టడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన లేఖలో, పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోకే మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారని ఒప్పుకుంది. దానికి శాఖ కనిపెట్టిన మందు, ఆ ఫొటోలను తనిఖీ చేయడానికి మరికొందరు ఉద్యోగులను నియోగించడం! దొంగకు అప్‌లోడ్ ఒక కళగా అబ్బుతుంది. నిజాయతీగా పనిచేసేవాడికి మాత్రం ప్రతి క్లిక్కూ "నిన్ను నమ్మడం లేదు" అని చెబుతుంది, అది రోజూ వినేవాడు కొన్నాళ్లకు ఆ మాటకు తగ్గట్టే తయారవుతాడు.

ఇది బడికే పరిమితమైన జబ్బు అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో శుక్రవారం సాయంత్రం టైంషీట్ నింపుతున్న కుర్రవాణ్ని అడగండి, వారంలో చేసిన పనికీ అందులో రాసిన పనికీ ఉన్న చుట్టరికం ఎంతో నవ్వుతూ చెబుతాడు. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నప్పుడు దేశమంతా గంటల మీద కొట్టుకుంది. ఆ గంటల్లో ఎన్ని పనివి, ఎన్ని పని చేసినట్టు చూపించడానివి అని అడిగినవాళ్లు తక్కువ. నెల జీతగాళ్లను వదలండి, బతికే ఉన్నానని పింఛనుదారు ఏటా రుజువు చూపాలి, వేలిముద్ర అరిగిపోయిన ముసలమ్మ రేషన్ దుకాణం దగ్గర తానెవరో రుజువు చూపాలి. కింద ఉన్నవాడు దొంగ, పైన ఉన్నవాడు దొర అన్న పాత తెల్లదొరల కచేరీ నీతి మనకు ఇప్పుడు యాప్ రూపంలో వచ్చింది. పైనుంచి కిందికి ఇలాంటి ఫొటోలు ఒక్కటి కూడా రావని గమనించండి: భోజనం బిల్లులు ఎప్పుడు చెల్లించారో, ఖాళీ పోస్టు ఎందుకు నింపలేదో ఏ అధికారీ రోజూ ఉదయం అప్‌లోడ్ చేయడు.

ఆ ఏజెన్సీ బడిలో కూర్చున్నప్పుడు నాకు గిడుగు వెంకట రామమూర్తి పదేపదే గుర్తొచ్చారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరిట ఆయన పటానికి దండలు వేసేది విద్యాశాఖే. ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి చేరిన చరిత్ర పంతులు. సవరలకు వాళ్ల భాషలో చదువు చెప్పమని ఆయన్ను ఎవరూ ఆదేశించలేదు. రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి, అంటే ఉద్యోగం వదిలిన చాలా ఏళ్లకు. ఇంత పనికి ఆయన దగ్గర హాజరు రుజువు ఏముంటుంది? ఆయన ఇవాళ ఉండి ఉంటే, అడవిలో సిగ్నల్ లేనిచోట గడిపిన ప్రతి రోజూ గైర్హాజరే.

మా చెల్లెలి సంచిలో ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం ఉంది. పిల్లల దగ్గర విన్న సవర మాటలు తెలుగు లిపిలో రాసుకుంటుంది: అంకెలు, చెట్లు, "ఇంకా", "చాలు", "భయం" లాంటివి. మొదటి తరగతి పిల్లలు ఏడుపు మానడానికి అవి పనికొస్తున్నాయట. దాన్ని తనిఖీకి వచ్చినవారెవరూ చూపించమనలేదు, ఆమె చూపించనూ లేదు. తొమ్మిదేళ్ల సర్వీసులో తాను పూర్తిగా తనకోసం చేసిన పని అదొక్కటేనని నాతో అంది. డీఎస్సీ రాసి, ర్యాంకు తెచ్చుకుని, ఇష్టపడి ఎంచుకున్న ఉద్యోగంలో మనిషికి తృప్తి ఇలా సంచిలో దాచుకోవాల్సిన వస్తువైపోయింది.

విద్యాశాఖకు నిజంగా ఉపాధ్యాయుల ఉత్సాహం మీద అంత బెంగ ఉంటే, వికాస తరగతులకు పెట్టే డబ్బుతో ఒక పని చేయవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో జిల్లాలో నాలుగేసి మండలాలను చీటీ తీసి ఎంచుకుని, అక్కడ ఒక విద్యా సంవత్సరం పాటు రోజువారీ ఫొటోలన్నీ ఆపేయాలి. హాజరు రిజిస్టర్ ఉంటుంది, ఊరి తల్లిదండ్రుల కమిటీ దాన్ని చూస్తుంది. గుడ్ల లెక్క వంట చేసే ఆయా, కమిటీ కలిసి వారానికోసారి సంతకం పెట్టి పంపుతారు. ఏడాదిలో రెండుసార్లు ఆ మండలంతో సంబంధం లేని వాళ్లు వచ్చి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించి, ఫలితాలను ఫొటోలు కొనసాగిన పక్క మండలాలతో పోల్చి, గ్రామసభలో చదివి వినిపిస్తారు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఈ ఉత్తర్వు ఇవ్వడానికి అడ్డేమీ లేదు.