మా ఇంటి ద్రవ్య విధాన కమిటీ

రిజర్వ్ బ్యాంకుకు ఒక ద్రవ్య విధాన కమిటీ ఉంది. ఆరుగురు సభ్యులు. ఓట్లు చెరిసగమైతే గవర్నర్‌ది నిర్ణాయక ఓటు. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర పట్టి ఉంచడం, అటో ఇటో 2 శాతం జారినా చూసీచూడనట్టు ఊరుకోవడం దాని పని. 2016 నుంచి దేశం ఈ పద్ధతిలోనే నడుస్తోంది. మా ఇంట్లోనూ సరిగ్గా ఆరుగురమే ఉన్నాం: అమ్మ, నాన్నగారు, మా ఆవిడ, నేను, ఇద్దరు పిల్లలు. ఇంత అనుకూలత పెట్టుకుని కూడా ఇన్నాళ్లూ ఇంటిని ఏదో అలవాటు కొద్దీ నడుపుకుంటూ వచ్చామంటే క్షమించరాని విషయం. అందుకని కూకట్‌పల్లిలోని మా రెండు బెడ్‌రూముల అద్దె ఇంట్లో కమిటీ వేశాం.

గవర్నర్ ఎవరన్న దాని మీద చర్చ జరగలేదు. బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉంటే వాళ్లే గవర్నర్. మా ఇంట్లో అవి అమ్మ బొడ్లో ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు కమిటీలో ముగ్గురు బయటి సభ్యుల్ని ప్రభుత్వం నియమిస్తుంది. మాకు ఆ కొరత పిల్లలు తీర్చారు. వాళ్లు మాతోనే ఉంటారు, మా ఇంట్లోనే తింటారు, ఓటు మాత్రం స్కూలు తరఫున వేస్తారు.

మొదటి సమావేశంలోనే బేస్ ఇయర్ దగ్గర, అంటే ధరల్ని ఏ ఏడాదితో పోల్చి చూడాలన్న దగ్గర, పేచీ వచ్చింది. ధరల సూచీకి ప్రభుత్వం చాలాకాలం 2012ను బేస్ ఇయర్‌గా వాడి, తర్వాత 2024కి మార్చింది. అమ్మ బేస్ ఇయర్ 1983. రామారావు కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చిన ఏడాది అది. ఆ తర్వాత ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ అమ్మ దృష్టిలో దోపిడీయే. కాకరకాయలు కొన్నా 1983తో పోల్చి నిట్టూరుస్తుంది. జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా ఇప్పటి జీతాన్ని నాన్నగారి అప్పటి జీతం పక్కన పెట్టి, "నీకేం తక్కువరా?" అంటుంది. ఖర్చుకి ఒక బేస్ ఇయర్, ఆదాయానికి ఒక బేస్ ఇయర్ వాడుకునే ఈ వెసులుబాటు కేంద్ర గణాంక శాఖకి కూడా లేదు.

2025 అక్టోబరు రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతమేనని ప్రకటించినప్పుడు ఆ వార్తను నేనే కమిటీ ముందు పెట్టాను. 2012 బేస్‌తో లెక్కలు మొదలయ్యాక అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆహార పదార్థాల ధరలైతే అంతకుముందు ఏడాది కంటే 5 శాతం తగ్గాయి. తెలంగాణలో ఆ ఏడాది కొన్ని నెలలు మొత్తం ద్రవ్యోల్బణమే సున్నా కిందికి దిగింది. అంటే ధరలు పెరగడం మాట దేవుడెరుగు, తగ్గుతున్నాయి. నేను చదవడం పూర్తి చేసి తలెత్తాను. "అయితే మిగిలిన డబ్బులేవండీ?" అంది మా ఆవిడ.

ఇలాంటి ప్రశ్నలు అడుగుతారనే ఆ కమిటీలో గృహిణుల్ని వేయరేమో. అయినా అడిగారు గనక వివరించాల్సిన బాధ్యత నాది. సూచీ అబద్ధం చెప్పలేదు. కూరగాయలు నిజంగానే తగ్గాయి, రైతుబజారుకి వెళ్లినవాళ్లకి ఆ సంగతి తెలుసు. కిటుకంతా వెయిటేజీల్లో ఉంది. ఆ పాత సూచీలో ఆహారం, పానీయాలకి 45.86 శాతం వాటా. ఇంటికి పది శాతం చిల్లర. వైద్యానికి 5.89. చదువుకి 4.46. కాబట్టి ఉల్లిపాయ తుమ్మితే సూచీ ఊగిపోతుంది. స్కూలు ఫీజు వీపు విరగ్గొట్టినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దేశం మొత్తం మీద, ఫీజు కట్టే పని లేని కోట్ల ఇళ్లను కూడా కలిపి తీసిన సగటు అది. అంకె తప్పు కాదు. సగటులో ఇమడలేకపోవడం మా తప్పు.

ఇంటి ఖర్చులో 4.46 శాతం పెడితే మా వాడి స్కూల్లో ఏం వస్తాయో కూర్చుని లెక్క కట్టాం. టై, బెల్టు, డైరీ, శనివారం వేసుకోవాల్సిన తెల్ల బూట్లలో ఎడమకాలిది.

ఇక పొదుపు చర్యలు. ఈ అంశం మీద కమిటీలో అద్భుతమైన ఏకాభిప్రాయం కుదిరింది. గీజర్ వేసిన వ్యక్తి పేరు గోడ మీద రాయాలి. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే పిల్లల పాకెట్ మనీ కట్. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ధర పెరగకుండా బిస్కెట్లే చిక్కిపోతున్నాయి కాబట్టి, వాటిని ఆదర్శంగా తీసుకుని ఇడ్లీ సైజు తగ్గించాలి, సంఖ్య తగ్గించకూడదు. కరివేపాకు కొనకూడదు, కొసరుగా అడగాలి. కొత్తిమీర కూడా అడిగి చూడాలి, అవమానం జరిగితే ఆ కొట్టు మార్చాలి. టూత్‌పేస్టు ట్యూబును చివర కత్తిరించి తుడుచుకునే దశకు ముందు కొత్తది తెరవరాదు.

బియ్యం విషయంలో మాత్రం పొదుపు మా ప్రతిభ కాదు, అది వ్యాపారుల ఘనత. 2022 జులై 18 నుంచి 25 కిలోల లోపు, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ అన్నారు. 25 దాటితే లేదు. చూస్తుండగానే కొట్లలోకి 26 కిలోల బస్తాలు దిగాయి. ఒక కిలో ఎక్కువ తింటే పన్ను ఉండదని భారతదేశంలో మొదట గ్రహించింది ఏ చార్టర్డ్ అకౌంటెంటో కాదు, మన రైస్ మిల్లు వాళ్లు. ఆ అదనపు కిలో మోసిన నడుము నాన్నగారిది. ఆయన దాన్ని ఆరోగ్య వ్యయం కింద రాయమంటున్నారు.

ఇన్ని చర్యలూ పకడ్బందీగా అమలు చేశాక నెలాఖరున ఎంత మిగిలిందో చూశాం. ఆ మొత్తం ఇక్కడ రాయను. స్కూలు బస్సు ఛార్జీ పెంచుతున్నట్టు మెసేజ్ వచ్చింది, పెంపు దానికి నాలుగు రెట్లుంది అని మాత్రం చెప్పగలను.

ఇక్కడ ఒక పరిశీలన, కమిటీతో సంబంధం లేకుండా నా సొంతం. పొదుపు చిట్కాలు చెప్పే ప్రతి నిపుణుడూ వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. నూనె తగ్గించండి, బయట తినకండి, లైట్లు ఆర్పండి అంటాడు. అద్దె తగ్గించండి అని ఇంటి ఓనరుతో అనడు. అడ్మిషన్ ఫీజు, టర్మ్ ఫీజు, యాక్టివిటీ ఫీజు, వాళ్ల కౌంటర్లోనే కొనాల్సిన అట్టలు వేసిన పుస్తకాలు, ఇవన్నీ వాన, ఎండ లాగా ప్రకృతి సహజమన్నట్టు దాటేస్తాడు. ఆసుపత్రి బిల్లు దగ్గర అయితే కళ్లు మూసుకుని దణ్ణం పెడతాడు. రూపాయి పోయే చోట కాపలా, వేలు పోయే చోట గౌరవం. మనం కూడా తక్కువ వాళ్లం కాదు. కొత్తిమీర కట్ట దగ్గర పది నిమిషాలు బేరమాడిన మనిషి, స్కూలు కౌంటర్ దగ్గర చెక్కు మీద సంతకం చేసి "థ్యాంక్యూ మేడమ్" అని వస్తాడు.

ఆ చెక్కు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. జూన్ మొదటి వారంలో మా ఆవిడ చంద్రహారం బ్యాంకుకి వెళుతుంది. అమ్మ దాన్ని ఐదు కాసులంటుంది, బ్యాంకు గ్రాముల్లో తూచి అంతకంటే తక్కువంటుంది. దసరా బోనస్ వస్తే తిరిగి వస్తుంది, లేకపోతే సంక్రాంతికి. పెళ్లిళ్ల సీజనులో మెడ బోసిగా కనిపిస్తే "ఈమధ్య సింపుల్‌గా ఉండటమే ఫ్యాషన్ అట" అని బంధువులకి చెప్పే బాధ్యత నాది. మొదట్లో మా ఆవిడ కొంచెం నొచ్చుకునేది. అప్పుడు నేను చరిత్ర చెప్పాను. 1991 జులైలో డాలర్లు అడుగంటినప్పుడు భారతదేశం దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టింది. ప్రధాని ఎవరో కాదు, మన పి.వి. నరసింహారావు గారే. దేశానికి లేని నామోషీ మనకెందుకు? పైగా రిజర్వ్ బ్యాంకు 2023-24లోనే బ్రిటన్ నుంచి 100 టన్నుల బంగారం ఇంటికి తెచ్చుకుంది. విదేశీ లాకర్లో దేశం బంగారం అంతకాలం ఉండగా లేనిది, సంక్రాంతి దాటినా గొలుసు రాలేదని అలగడం బాధ్యత గల పౌరురాలికి తగదు. ఈ వాదన ఆమె శ్రద్ధగా విని, ఆ ఏడాది నా వాచీని కూడా తాకట్టుకి ప్రతిపాదించింది.

శుభవార్త ఏమిటంటే 2025 ఏప్రిల్లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. గొలుసు అదే, మెడ అదే, కానీ అప్పు ఎక్కువ పుడుతోంది. మేం ధనవంతులమయ్యామని నాకు అర్థమైంది. స్కూలు వాళ్లకీ అర్థమైనట్టుంది.

అప్పు అనగానే ముఖం చిట్లించే పాతకాలపు ఆలోచన పోవాలి. 2022-23లో దేశంలోని కుటుంబాల నికర ఆర్థిక పొదుపు, అంటే చేసిన అప్పులు తీసేయగా మిగిలే పొదుపు, జీడీపీలో సుమారు 5 శాతానికి పడిపోయింది. కొన్ని దశాబ్దాల్లో అంత తక్కువ లేదు. జనం దిగులుపడుతుంటే కేంద్ర ఆర్థిక శాఖ ఓదార్చింది: ఇది కష్టం కాదు, కుటుంబాలు అప్పు చేసి ఇళ్లు, వాహనాలు కొంటున్నాయి, అందుకే పొదుపు తగ్గినట్టు కనిపిస్తోంది అని. ఈ వివరణ విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ డబ్బుల్లేవు అనరు. ఆస్తుల రూపంలో ఉన్నాయి అంటారు. ఉదాహరణకి ఫ్రిజ్.

ఫ్రిజ్ కొన్నది కూడా పొదుపు కోసమే. ఫైవ్ స్టార్ అయితే కరెంటు ఆదా అన్నారు. దాన్ని నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్నాం. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, ఆ పేరుతో పథకాలు పెట్టొద్దని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు గట్టిగా చెప్పింది. బజారు వెంటనే మాట విని పేరు మార్చుకుంది. ఇప్పుడు వడ్డీ ఉంటుంది, అంత మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన వంతు. రొక్కం ఇచ్చి గట్టిగా అడిగితే ఆ తగ్గింపేదో మనకే వచ్చేదేమో కదా అని నాన్నగారు అడిగారు. రొక్కం అనే ఆస్తి మన దగ్గర లేదని సవినయంగా మనవి చేశాను.

చివరి అంశం దీర్ఘకాలిక పెట్టుబడి. ఫోన్లో ఒక కుర్రాడు, వెనకాల గోడకి గ్రాఫులు పెట్టుకుని, రోజూ బయట తాగే ఇరవై రూపాయల టీ మానేసి నెలకి 600 సిప్‌లో, అంటే మ్యూచువల్ ఫండ్ నెలవారీ వాయిదాల్లో, వేయండి, 12 శాతం రాబడి లెక్కన ఇరవై ఏళ్లకి సుమారు 6 లక్షలు అవుతుంది అని చెప్పాడు. లెక్క నేనూ వేసి చూశాను, సరిగ్గానే ఉంది. రాబడి ఏటా 12 శాతమే రావాలన్న చిన్న షరతు మార్కెట్ చూసుకుంటుంది. ఇప్పటి వరస చూస్తే ఆ ఆరు లక్షలు ఇరవై ఏళ్ల తర్వాత మా వాడి కొడుకు ఎల్‌కేజీ అడ్మిషన్‌కి చక్కగా సరిపోవచ్చు. మా ఇంట్లో బయట టీ తాగేది వాకింగ్ నుంచి వస్తూ నాన్నగారొక్కరే కనుక, దాన్ని రద్దు చేయాలని తీర్మానం ప్రవేశపెట్టాను.

"పుట్టని మునిమనవడి ఎల్‌కేజీకి నా అల్లం టీ ఆపుతావట్రా?" అన్నారు నాన్నగారు. తాతయ్యతో వెళితే బిస్కెట్ దొరుకుతుంది కాబట్టి పిల్లలిద్దరూ ఆయన పక్షాన నిలిచారు. ఆయన పొద్దున్నే ఒక గంట బయట ఉండటం వల్ల ఇంటికి కలిగే ప్రశాంతతకి 600 చవకేనని గవర్నర్ నోట్‌లో రాయించింది. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా చెయ్యెత్తింది. తీర్మానం 5-1తో వీగిపోయింది. అనుకూలంగా పడ్డ ఆ ఒక్క ఓటూ నాదే. నేను టీ తాగను. నాది ఫిల్టర్ కాఫీ, ఆ ఖర్చు ఎజెండాలో లేదు.