తుపాను షెల్టరు మేడ మీద ఉపగ్రహం

గత వారం ఒక టీవీ చర్చలో వ్యాఖ్యాత బల్ల గుద్ది మరీ ప్రకటించాడు. జామ్ చేయడానికి, అంటే అడ్డు సిగ్నలుతో నొక్కేయడానికి, వీలేలేని ఉపగ్రహ సమాచార వ్యవస్థలు సైనికుల చేతికి వచ్చేస్తున్నాయట, ఇక శత్రువు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవలసిందేనట. ఉపగ్రహంతో నాకు పేచీ లేదు. ఆ ‘వీలేలేని’ అన్న మాట దగ్గరే ఒళ్లు మండింది. జామ్ చేయడానికి వీలేలేని సిగ్నలు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. శత్రువుకు ఖర్చూ శ్రమా పెంచడమే ఎవరైనా చేయగలిగింది. అలా చెబితే బల్ల గుద్దడానికి వాటంగా ఉండదు కాబోలు.

నిజానికి విషయం తేలికైనదే. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి సిగ్నలు జవాను దగ్గరికి వచ్చేసరికి, అమ్మవారి సంబరంలో మైకు సెట్టు పక్కన ఎవరో గుసగుసలాడినట్లు ఉంటుంది. శత్రువుకు పెద్ద విద్య అక్కర్లేదు, అదే పౌనఃపున్యంలో (ఫ్రీక్వెన్సీలో) గట్టిగా అరిస్తే సరి. అందుకే ఆ గుసగుసను ఒకచోట నిలవనివ్వకుండా ఒక పౌనఃపున్యం నుంచి మరోదానికి చకచకా గెంతిస్తారు. తరువాతి గెంతు ఎక్కడికో పంపేవాడికీ అందుకునేవాడికీ తప్ప తెలియదు. 1942లోనే హెడీ లమార్ అనే సినిమా నటి, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడు కలిసి, రేడియోతో నడిపే టార్పెడోల (నీటిలో దూసుకెళ్లి ఓడలను పేల్చే ఆయుధాల) కోసం ఈ ఉపాయానికి అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. పియానో మెట్లు 88 కనుక గెంతడానికి 88 పౌనఃపున్యాలు అన్నారు. నౌకాదళం ఆ కాగితాన్ని అటకెక్కించింది. సినిమా తార సలహాను సర్కారు పెడచెవిన పెట్టే దేశాలు కూడా ఉంటాయన్నమాట!

ఈ గెంతుడు విద్యలో మా ఉద్దానం ఎవరికీ తీసిపోదని సవినయంగా మనవి. మాది కవిటి మండలం, ఒడిశా సరిహద్దుకు కూతవేటు దూరం. మా ఎదురింటి పిన్ని కొడుకు లద్దాఖ్‌లో జవాను. ఆదివారం సాయంత్రం ఏడింటికి తల్లీకొడుకులు మాట్లాడుకోవాలని ఒప్పందం. ఇంట్లో సిగ్నలు ఉండదు, తుపాను షెల్టరు మేడ ఎక్కాలి. అందులోనూ ఈశాన్య మూల, పిట్టగోడ మీద ఇనుప చువ్వలు పొడుచుకొచ్చిన చోట, కొబ్బరి మట్టల సందులోంచి మాత్రమే మాట వెళ్తుంది. వాస్తు ఎంత గొప్పదో చూడండి. అక్కడ జవాన్ల తల్లులు వరుస కడతారు.

మొన్న పిన్ని వంతు వచ్చింది. నంబరు నొక్కగానే సైబర్ మోసగాళ్లతో జాగ్రత్త అని ఒక హితబోధ. అది ముగిసేలోగా గాలికి కొబ్బరి మట్ట ఊగింది, ఫోను ఆంధ్ర టవరు వదిలి ఒడిశా టవరు పట్టుకుంది. రెండడుగులు ఎడమకు జరిగింది, ఆంధ్ర. మట్ట ఊగింది, ఒడిశా. ఏ పేటెంటూ లేకుండానే గెంతుడు! చివరికి అవతల ఎవరో ఎత్తినట్లు అనిపించి, “నాన్నా, తిన్నావా?” అంది పిన్ని. జవాబుగా ఒక ఆడగొంతు ఒడియాలో ఎంతో మర్యాదగా ఏదో చెప్పింది. పిన్ని ఫోను గుండెలకు అదుముకుని మా వైపు తిరిగింది. “మావాడి పక్కన ఎవరో ఒడియా అమ్మాయి ఉందే!” వరుసలో ఉన్న తల్లులంతా చుట్టూ చేరారు. గొంతు మంచిదని ఒకరు, కులం కనుక్కోమని ఒకరు. మళ్లీ కలిపితే ఆ అమ్మాయే, అదే మాట, అదే మర్యాద. “పెద్దల దగ్గర ఎదురు చెప్పని పిల్ల” అని తీర్మానం జరిగింది. సందడి సద్దుమణిగాక లద్దాఖ్ గుర్తొచ్చి చూస్తే సిగ్నలు లేదు. రక్షణ శాస్త్రవేత్తలు తమ యంత్రాలను దయచేసి ఈ మేడ మీదే పరీక్షించుకోవాలి. ఇక్కడ నెగ్గింది ఏ యుద్ధంలోనైనా నెగ్గుతుంది.

అమెరికా 2012, 2016 మధ్య క్షేత్రంలోని సైనికుల కోసం మూవోస్ అనే ఉపగ్రహాలు ఐదింటిని పైకి పంపింది. వాటితో మాట్లాడగలిగే కొత్త రేడియోలు మాత్రం సైనికులకు సమయానికి అందలేదు. ఏళ్ల తరబడి ఆ ఉపగ్రహాల అసలు శక్తి పనికిరాకుండా పడి ఉంది. 36,000 కిలోమీటర్ల పైకి చేర్చిన మొనగాళ్లు ఆరడుగుల మనిషి చేతికి చేర్చలేకపోయారు!

మనమేమైనా తక్కువ తిన్నామా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరి తోటలను నేలమట్టం చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు. దేశాన్ని కాస్తున్న కొడుకులకు తల్లి బతికి ఉందో లేదో తెలియలేదు. అదే ఏడాది డిసెంబరు 19న వాయుసేనకు పనికొచ్చే జీశాట్-7ఏ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి లేచింది. నేనూ చప్పట్లు కొట్టాను, ఇప్పుడైనా కొడతాను. కానీ రాకెట్టు లేచిన రోజు ఊగిపోయే ఈ టీవీ వీరుల్లో ఒక్కడైనా, ఆ మంచులో జవాను మోసే రేడియో పెట్టె బరువెంత, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది, ఎంతమందికి అందింది అని అడిగాడా? అడగడు. పెట్టెకు పొగ రాదు, మంట రాదు, తెర మీద అందంగా కనిపించదు. సిగ్గులేని మనుషులు! ప్రాణం పోయేది ఆ పెట్టె మోగకపోతేనే.

మా ఊరికీ కొత్త టవరు వచ్చింది లెండి. మొన్న సంక్రాంతికి రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. లోపల బ్యాటరీలు ఇంకా పెట్టలేదట. గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న మనిషి పలాసలో ఉంటాడు. రెండు వారాలుగా ఫోను చేస్తున్నాం, కలవడం లేదు.